ఆ ఫైలు ఎవరు చదివిపెట్టాలి?

సైకాలజీ పట్టాలు అందుకుంటున్న మీకు అభినందనలు. పొగడ్తలు ఇంటి దగ్గర ఎలాగూ దొరుకుతాయి కనుక నేరుగా విషయానికి వస్తాను. చూపు లేనివాళ్లు కౌన్సిలర్లుగా చేరగానే జనం అడిగేది ఒకటే: ముఖం చూడకుండా మనసెలా తెలుస్తుంది? 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసేవాళ్ల ముఖం అక్కడి కౌన్సిలర్లకు కనబడుతోందా? ఫ్రాయిడ్ అయితే రోగిని సోఫా మీద పడుకోబెట్టి, తాను తల వెనక కూర్చునేవాడు. 2017లో మనస్తత్వవేత్త మైకేల్ క్రౌస్ ప్రచురించిన ప్రయోగాల్లో, చూస్తూ విన్నవాళ్లకంటే గొంతు మాత్రమే విన్నవాళ్లు ఎదుటివాళ్ల భావాలను బాగా పసిగట్టారు. ముఖానికి నవ్వు పులుముకోవడం అందరికీ చిన్నప్పుడే అబ్బుతుంది. గొంతులో జీర దాచడం అంత తేలిక కాదు. మణికట్టు మీది గాటు సంగతేమిటంటారా? సబబైన ప్రశ్నే. ఫుల్‌ చేతుల చొక్కా వేసుకొస్తే చూపున్నవాళ్లకూ అది కనబడదు. అందుకే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగమని మీకు నేర్పారు. రోర్‌షాక్ లాంటి బొమ్మల పరీక్షలకు మాత్రం చూపున్న సహోద్యోగి సాయం కావాలి, ఒప్పుకోవాల్సిందే.

నా బెంగంతా కేసు ఫైలు గురించి. ఒక అంధుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్, యూనికోడ్‌లో కొట్టిన తెలుగును చదివి వినిపిస్తుంది. మనవాళ్లేమో కేసు నోట్సును యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొడతారు, స్క్రీన్ రీడర్‌కది అర్థంపర్థం లేని అక్షరాల పోగు. లేదా గొలుసుకట్టు రాతలో గీకి, బొటనవేలితో సహా ఫొటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు. ఇక చూపు లేని కౌన్సిలర్‌కు దాన్ని చదివిపెట్టాల్సింది అటెండరే. భర్త కొడుతున్నాడని ఒకావిడ నమ్మి చెప్పుకున్న మాట ఆయన నోట గదంతా వినబడుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా రాసింది. ఉద్యోగికి తగిన సదుపాయం కల్పించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కార్యాలయాలను ఆదేశించింది. ఈ రెంటినీ కలిపి చదవండి: ఫైలు చదవడానికి వీల్లేకపోతే కౌన్సిలర్ కంటే ముందు నష్టపోయేది ఆవిడ. ఖర్చంటారా, ఎన్‌వీడీఏ ఉచితం. పాత ఫైళ్లన్నీ మార్చడం కష్టమంటే నమ్ముతాను. కొత్తవాటికేం కష్టమో నాకు బోధపడదు. మీరు ఫోన్లో తెలుగులో కొట్టే ప్రేమలేఖలు యూనికోడ్‌లోనే ఉంటాయి నాయనా, కేసు నోట్సు దగ్గరికొచ్చేసరికే ఎక్కడలేని బద్ధకం!