నాయకత్వ శిక్షణ — దాని హద్దులు

(కిరుమాంబాక్కమునందలి తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమున చదువబడిన ప్రసంగపాఠము)



పుదుచ్చేరి నుండి కడలూరునకు పోవు బాటలో ఈ కిరుమాంబాక్కమునకు వచ్చువారికి చెరువులు కంటబడక మానవు. చేరువనే బాహూరు పెద్ద చెరువు కలదు. చెరువు నిండినంతమాత్రమున పైరు పండదని ఇచ్చటి రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. తూము తెరువవలెను, కాలువ పారవలెను, చివరి మడి దాక నీరు చేరవలెను. నేటి ప్రసంగవిషయమునకును ఈ మాటకును దగ్గర సంబంధము కలదు.

కోచింగ్ అనగానే మన యిండ్లలో పిల్లల పోటీపరీక్షలు స్ఫురించును. ఇచ్చట చెప్పబోవునది వేరొక కోచింగ్. ఉన్నతోద్యోగికి నాయకత్వము అలవరచుటకై ఒక శిక్షకుని ఏర్పరచు పద్ధతి యిది. శిక్షకుడు అధికారిని ఏకాంతముగా, కొన్ని నెలలపాటు, అప్పుడప్పుడు కలిసికొనును. ఉపన్యసింపడు, ప్రశ్నించును. లక్ష్యమేమి, నేటి స్థితి యెట్టిది, మార్గములెన్ని, చేయదలచిన దేమి — ఈ నాలుగింటి చుట్టును సంభాషణ నడచును. 1974లో అమెరికావాడగు టిమొతీ గాల్వే టెన్నిస్ ఆటను గూర్చి వ్రాసిన గ్రంథము ఈ పద్ధతికి ఒక మూలము. 1992లో ఆంగ్లేయుడగు జాన్ విట్‌మోర్ తన గ్రంథము ద్వారా దానిని కార్యాలయములలో ప్రచారము చేసెను.

ఇందలి మేలును కాదనరాదు. పదవి పెరిగినకొలది మనిషికి తన లోపమును చెప్పువారు తగ్గిపోవుదురు. అట్టివానికి అద్దము పట్టువాడొకడు లభించుట భాగ్యమే. కాని అద్దము ముఖమును చూపును, ఇల్లు చక్కబెట్టదు. ఈ భేదమును తెలుగుగడ్డపై జరిగిన ఒక ప్రయోగము చక్కగా తెలుపుచున్నది.

పుదుచ్చేరిలో భాగమైన మన తెలుగుసీమ యానాము. దానికి చేరువనున్న పట్టణము కాకినాడ. హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌క్లెలండ్ 1964లో ఆ పట్టణపు వ్యాపారులను యాబదిమందికి పైగా ఎన్నుకొనెను. హైదరాబాదునందలి చిన్న పరిశ్రమల శిక్షణసంస్థలో వారికి సుమారు పదిదినముల శిక్షణ యొసగబడెను. వారిచే కథలు వ్రాయించిరి. దూరమును తామే నిర్ణయించుకొని కడ్డీపైకి వలయములు విసరు ఆట నాడించిరి. మరీ దగ్గర నిలిచిన గెలుపునకు విలువ లేదు. మరీ దూరము నిలిచిన గెలుపే లేదు. తగినంత సాహసము చేయుట నేర్చుకొనవలె ననుట ఆ ఆటలోని పాఠము. తమిళసీమలోని వెల్లూరు వ్యాపారులకు సైతము ఇట్టి శిక్షణ లభించెను.

రెండేండ్లు గడచిన పిదప విచారింపగా, శిక్షణ పొందినవారిలో సుమారు సగముమంది వ్యాపారమున విశేషముగా చురుకుదనము చూపిరి. పొందనివారిలో అట్టివారు నాలుగవవంతు మాత్రమే. మెక్‌క్లెలండ్, డేవిడ్ వింటర్ కలసి 1969లో ఈ ఫలితములను గ్రంథముగా వెలువరించిరి. పెద్దవారైన పిదపను మనిషి మారగలడనుట ఇందలి శుభవార్త.

అయితే ఆ ఫలితములలోనే మరియొక సంగతి కలదు. తమ వ్యాపారమున నిర్ణయాధికారము తమ చేతిలోనున్నవారికే ఆ శిక్షణ ఎక్కువగా ఫలించెను. తండ్రి చాటునో, అన్న చాటునో పనిచేయువాని మనస్సున ఉత్సాహము పుట్టియుండవచ్చును. కాని పెట్టుబడిపై అధికారము లేనివాడు దేనిని మార్చగలడు? చెరువు నిండెను, తూము తెరచుకొనలేదు.

వ్యాపారులకే ఇట్లుండగా ఉద్యోగుల మాట చెప్పవలెనా? ధైర్యముగా నిర్ణయము చేయుట నేర్చుకొని వచ్చిన అధికారి, మరునాడు చిన్న ఖర్చునకైనను మూడు బల్లలమీదుగా ఫైలును పంపవలసివచ్చినచో ఆ నేర్పు ఏమగును? క్రిందివారి మాట వినుట నేర్చుకొనెననుకొందము. వారి వార్షిక నివేదిక ఆయన చేతనే వ్రాయబడుచుండగా వారు నోరు విప్పుదురా? పని కుదుటపడునంతలో బదిలీ వచ్చినచో ఆ శ్రమకు ఫలమెవ్వరిది? పెద్దకొడుకునకు సంసారభారము నప్పగించి, తాళపుచెవి తాతగారి మొలనే ఉంచిన చందమగును.

మరి రెండు హద్దులను గుర్తింపవలెను. శిక్షకుని వేతనము సంస్థ చెల్లించును. అధికారి తన మనోగతమును శిక్షకునకు చెప్పుకొనును. ఆ మాటలు ఎంతవరకు బయటికి పోవునో ముందే తేల్చుకొననిచో నమ్మకము నిలువదు. రెండవది మరింత సున్నితమైనది. వైద్యుని అవసరముగల మనోవేదనను అలవాటులోని లోపముగా భావించి చికిత్సకు బదులు సలహాలిచ్చుట ప్రమాదకరము. స్టీవెన్ బెర్గ్లాస్ అను మనోవైద్యరంగ నిపుణుడు 2002లోనే హార్వర్డు వాణిజ్యపత్రికలో దీనిని హెచ్చరించెను.

కేంద్రప్రభుత్వము 2020 సెప్టెంబరు 2వ తేదీన మిషన్ కర్మయోగి పథకమునకు ఆమోదము తెలిపెను. ఉద్యోగులను నిబంధనలకు మాత్రమే కట్టుబడు రీతి నుండి, తమ పాత్ర నెరిగి పనిచేయు రీతికి మరల్చుట దాని ఆశయము. ఆశయము ఘనమైనదే. పాత్ర నెరిగినవానికి ఆ పాత్రకు తగిన అధికారమును లభించిననాడే అది సఫలమగును.

కావున అధికారిని శిక్షకునికడకు పంపుటకు ముందు కార్యాలయమే తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. లోపము మనిషిలోనిదా, పద్ధతిలోనిదా? అతడు మారి వచ్చినచో అతనికి అప్పగింపబోవు నిర్ణయములేవి? నిజము చెప్పిన క్రిందివానికి రక్షణ కలదా? వీనికి సమాధానము లేనిచో శిక్షణ ఫలింపదు. అంతకన్న విషాదకరమైన దేమనగా, ఫలింపని దోషము మరల ఆ ఉద్యోగిపైననే పడును. తాను అసమర్థుడనని అతడు నమ్మును; ఆ దిగులు ఇంటికిని వచ్చును, భార్యాబిడ్డలకును సోకును.

నిండిన చెరువు గట్టున నిలిచి పైరు ఎండినదేమని మడిని నిందించు రైతు ఈ సీమలో ఉండడు. మొదట తూము చూచును. పిదప కాలువ చూచును. ఆ రైతుబుద్ధి కార్యాలయములకును అలవడునుగాక!