ఏకాదశీ వ్రతము – ద్వాదశీ పారణ
(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠము)

ఇంతకాలము బాలాలయమున పూజలందుకొనిన స్వామి మరల గర్భాలయమున వేంచేసినాడు. ఈ శుభవేళ ఏకాదశీ వ్రతమును గూర్చి ప్రసంగింపుమని నిర్వాహకులు కోరినారు. ఏకాదశి యనగానే మనకు ఉపవాసము, జాగరణ స్ఫురించును. మరునాటి పారణ అంతగా స్ఫురింపదు. నా మనవి ముఖ్యముగా ఆ పారణను గూర్చియే.

శుక్లపక్షమున ఒకటి, కృష్ణపక్షమున ఒకటి చొప్పున సంవత్సరమునకు 24 ఏకాదశులు, అధికమాసము వచ్చిన ఏట 26 వచ్చును. ఆషాఢ శుక్లపక్షమున స్వామి శయనించు తొలి ఏకాదశి, కార్తికమున మేల్కొను ఉత్థాన ఏకాదశి, ధనుర్మాసమున ముక్కోటి ఏకాదశి మన తెలుగునాట ప్రసిద్ధములు. వ్రతము మాత్రము ఒక్కనాటిది కాదు. దశమినాడు ఒక్కపూట భోజనము, ఏకాదశినాడు నిరాహారము, ద్వాదశినాడు పారణ, ఆ రాత్రి మరల భోజనము లేకుండుట. ఈ విధముగా మూడు దినములలో నాలుగు భోజనములు విడువవలెనని పెద్దల మాట. ద్వాదశి తిథిలో మొదటి నాలుగవ భాగమునకు హరివాసరమని పేరు. అది గడచిన పిదప, ద్వాదశి ముగియక ముందే పారణ చేయవలెను. ఒక్కొక్కసారి ద్వాదశి సూర్యోదయమైన కొద్దిసేపటికే ముగియును. అందుచేతనే మన ఇండ్లలో పెద్దలు ఆ రోజున చీకటితోనే లేచి పంచాంగము విప్పి గడియలు లెక్కించెడివారు.

ఈ సభలో విదేశములందున్న దాతల బంధువులు కొందరున్నారు గనుక ఒక మాట. తిథి మారు క్షణము లోకమంతటికి ఒక్కటే. సూర్యోదయము మాత్రము ఊరూరికి వేరు. హైదరాబాదు పంచాంగమును చూచి అమెరికాలోని కుమార్తెకు ఏకాదశి ఫలానా రోజని ఫోనులో చెప్పిన అది అక్కడ తప్పవచ్చును. వారున్న ఊరికి గణించిన పంచాంగమునే వారు చూచుకొనవలెను.

ఇక అసలు విషయము. భాగవతము తొమ్మిదవ స్కంధమున అంబరీషోపాఖ్యానము కలదు. పోతన తెనిగించిన ఈ కథ వినని తెలుగువారు అరుదు. కాని ఒక విశేషమును గమనింపుడు. అంబరీషుడు సంవత్సరకాలము ఆచరించిన వ్రతమునకు అక్కడ ఉన్న పేరు ద్వాదశీ వ్రతము. కార్తికమున మూడు రాత్రులు ఉపవసించి, యమునలో స్నానమాడి, మధువనమున హరిని అర్చించి, అసంఖ్యాకములైన గోవులను దానమిచ్చి, విప్రులకు మృష్టాన్నము పెట్టి, తాను పారణకు సిద్ధపడిన సమయమున దుర్వాసుడు అతిథిగా వచ్చెను. రాజు భోజనమునకు ఆహ్వానింపగా ముని సమ్మతించి, స్నానమునకై నదికేగి ధ్యానమున మునిగి ఆలస్యము చేసెను. ద్వాదశి ఇక అర్ధముహూర్తమే మిగిలినది. ద్వాదశి దాటిన వ్రతభంగము. అతిథికంటె ముందు భుజించిన ధర్మభంగము. పండితులతో విచారించి రాజు కేవలము జలమును స్వీకరించెను. నీరు త్రాగుట భుజించినట్లును, భుజింపనట్లును అగునని వారు నిర్ణయించిరి.

ముని ఆగ్రహించి జటనుండి కృత్యను పుట్టించుట, సుదర్శనము దానిని దహించి మునిని తరుముట, ఆయన బ్రహ్మను, శివుని, చివరకు వైకుంఠనాథుని శరణు వేడుట, తాను భక్తులకు అధీనుడనని స్వామి పలికి ఆయనను రాజువద్దకే పంపుట మీకు తెలిసినవే. హరికథలలో ఈ ఘట్టమే ఎక్కువసేపు చెప్పుదురు. నా దృష్టిలో కథకు ప్రాణము వేరొకచోట ఉన్నది. దుర్వాసుడు పరుగెత్తి తిరిగి వచ్చుటకు ఒక సంవత్సరము పట్టెను. ఆ సంవత్సరమంతయు అంబరీషుడు ఆహారము ముట్టలేదు. జలము మాత్రమే గ్రహించి, తనను చంపబోయిన ఆ అతిథి రాకకై ఎదురుచూచెను. ముని రాగానే తన పుణ్యమును ధారవోసి ఆయనను చక్రతాపమునుండి విడిపించెను. పాదములు పట్టి బ్రతిమాలి కడుపునిండ భోజనము పెట్టెను. ఆ తరువాతనే తాను భుజించెను. తిథి ప్రకారము ఆయన వ్రతము ఏనాడో నీటిచుక్కతో పూర్తియైనది. ఆయన మనస్సునకు మాత్రము అతిథి తినినపుడే పూర్తియైనది.

ఉపవాసమనగా దైవసమీపమున వసించుట యని అర్థము చెప్పుకొందుము. ప్రక్కవానిని త్రోసివేసి చేరిన చోటు దైవసమీపమెట్లగును? 2025 జనవరి 8న వైకుంఠ ద్వారదర్శన టోకెన్లకై తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు మరణించిరి. ఆ సంవత్సరమే నవంబరు 1న, కార్తిక ఏకాదశినాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మరల అట్టి దుర్ఘటన జరిగి స్త్రీలు ప్రాణములు కోల్పోయిరి. ఏర్పాట్ల లోపములను విచారించువారు విచారింతురు. మనమట్టివారము మన వంతు ఆలోచింపవలెను. ముక్కోటినాడు ఉత్తరద్వారము చెంత ఒక వృద్ధురాలికి దారి విడిచి, గంట ఆలస్యముగా దర్శనము చేసికొనినవానికి లోటేమియు లేదు.

ఉపవాసము చేయలేనివారి సంగతి. ఎనిమిదేండ్లలోపు బాలురకు, ఎనుబదేండ్లు దాటినవారికి ఈ నియమము లేదు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము – ఈ ఎనిమిదియు వ్రతమును చెరుపవని శాస్త్రము. ఔషధమును పూర్వులే ఈ పట్టికలో చేర్చినారు. మధుమేహముతో ఇన్సులిన్ తీసికొనువారు, గర్భిణులు నిరాహారముగా ఉండి కళ్లు తిరిగి పడిపోవుట భక్తి కాదు. వైద్యుని మాట విని, వలసినది తిని, నామస్మరణ చేసికొనుడు. ఆరోగ్యవంతులకు మాత్రము ఇంకొక మాట చెప్పవలెను. ఫలాహారమను పదమునకు మన ఇండ్లలో ఇడ్లీ, ఉప్మా అను అర్థము స్థిరపడినది! గోధుమరవ్వ ఉప్మా ఏ చెట్టున కాచిన ఫలమో నాకు తెలియదు. తొలి ఏకాదశికి రైతు ఇండ్లలో బెల్లము కలిపి చేసికొను పేలపిండి సంగతి వేరు. అది తరతరాల ఇంటి ఆచారము, దానితో వాదము వలదు.

ఇపుడు దాతలకు నా మనవి. శిఖరమునకు, ప్రాకారమునకు, ధ్వజస్తంభపు తొడుగునకు ఉదారముగా ఇచ్చినారు. నూతన అన్నదాన మంటపము కూడ సిద్ధమైనది. అందు ప్రతి ద్వాదశి ఉదయము పారణ జరుపవలెనని నిర్వాహకులు తలపెట్టినారు. మొదటి పంక్తిలో కూర్చుండవలసినవారు దాతలు కారు. ఆలయము ఊడ్చువారు, వాకిట పూలు అమ్ముకొనువారు, దారినపోవు బాటసారులు, ఇంకను ప్రాకారపు పని ముగింపని శిల్పులు, వారి కూలీలు ముందు కూర్చుండవలెను. ఉపవసించిన మీరు వడ్డింపుడు. ఆకలి తెలిసిన చేతితో వడ్డించునపుడు గరిటె కొంత పెద్దదగును. వారు లేచిన పిదప మీ విస్తళ్లు వేయుదురు. ద్వాదశి తొందరగా ముగియు దినమున, ఆ లోపల తులసితీర్థము పుచ్చుకొని, అంబరీషుని వలె వ్రతము నిలుపుకొని, నిదానముగా వడ్డింపవచ్చును.

అవిసె ఆకు కూర, ఉసిరిక పచ్చడి, పెసరపప్పు వంటవారికి చెప్పియుంచినారు. పారణ వేళను ముందునాటి సాయంకాలమే ధ్వజస్తంభము ప్రక్కనున్న బల్లపై వ్రాయుదురు. వడ్డనకు రాదలచినవారు సూర్యోదయమునకు ముందే స్నానము ముగించుకొని రండు.