లైవ్ క్లాసా, రికార్డెడ్ క్లాసా? మీకు ఏది పనిచేస్తుంది?

ఈ రోజు ఎపిసోడ్ సంతోష్‌నగర్‌లో మా ఇంటి మేడ మీద నుంచి. మధ్యలో హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి. మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే: ఆన్‌లైన్‌లో చదవాలంటే లైవ్ క్లాస్ మంచిదా, వీలైనప్పుడు చూసుకునే రికార్డెడ్ కోర్సు మంచిదా?

ముందు నా సంగతి చెప్తా. 2020లో కాలేజీలు మూతపడి ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పుడు నాది డిగ్రీ, తమ్ముడిది ఇంటర్. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. ఇద్దరికీ పొద్దున పదింటికే క్లాస్. ఒకరోజు వాడికి, ఒకరోజు నాకు అని పంచుకున్నాం. నా వంతు కాని రోజు క్లాస్ పోయినట్టే, రికార్డింగ్ ఎవరూ పెట్టేవారు కాదు. అన్నీ రికార్డెడ్ అయితే ఎంత బాగుండు అనుకునేదాన్ని.

తర్వాత సొంత ఫోన్ వచ్చింది. పన్నెండు వారాల రికార్డెడ్ కోర్సులో చేరాను. మూడో వీడియో దగ్గర ఆగిపోయా. "రేపు చూద్దాం" అనుకుంటూనే ఆర్నెల్లు అయిపోయాయి. నవ్వకండి, మీ ఫోన్‌లో కూడా అలాంటి కోర్సు ఒకటైనా ఉండే ఉంటుంది!

ఇది మన బద్ధకం ఒక్కటే కాదు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఎడెక్స్ కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది సుమారు 3 శాతమే. కానీ సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో 46 శాతం పూర్తి చేశారు. ముందే గట్టిగా అనుకున్నవాళ్లే డబ్బు కడతారు, అది నిజమే. అయినా ఏదో ఒకటి మనల్ని పట్టి ఉంచాలన్నది మాత్రం అర్థమవుతోంది కదా?

మన హైదరాబాద్‌కి ఇది కొత్తేం కాదు. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన రాష్ట్రంలోనే పుట్టింది. ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పుస్తకాలు ఇంట్లో మన తీరికను బట్టి చదువుకోవాలి, డౌట్లకు స్టడీ సెంటర్‌కి వెళ్లాలి. అంటే రెండూ కలిపారన్నమాట.

ఇప్పుడు ఎన్‌పీటెల్‌ది కూడా దాదాపు అదే దారి. ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలు ఎప్పుడైనా చూడొచ్చు, చేరడం ఫ్రీ. కానీ వారం వారం అసైన్‌మెంట్‌కి గడువు ఉంటుంది. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. రెండోసారి నేను ఇలాంటి గడువులున్న కోర్సే తీసుకున్నా. పూర్తయింది!

అందుకే నేను చెప్పేది ఇది. పాఠం రికార్డెడ్‌లో వినండి: అర్థం కాకపోతే ఆపి మళ్లీ చూడొచ్చు, వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. డౌట్లు, లెక్కలు, ప్రాక్టీస్ మాత్రం లైవ్‌లో. ఒక్కరే చదవలేకపోతే ఇద్దరు ఫ్రెండ్స్‌ని కలుపుకుని, ఆదివారం సాయంత్రానికల్లా ఈ వారం వీడియోలు అయిపోవాలని మాట తీసుకోండి.

ఇక లెక్చరర్లకు ఒక్క మాట. సార్, మేడమ్, లైవ్ క్లాస్ తప్పకుండా పెట్టండి. కానీ రికార్డింగ్ కూడా గ్రూప్‌లో వేయండి. ఆ రోజు ఫోన్ వంతు ఎవరిదో మీకు తెలియదు కదా.

సరే ఫ్రెండ్స్, ఆగిపోయిన ఆ మూడో వీడియో ఈ రాత్రికి చూసేయండి. మళ్లీ కలుద్దాం.