అద్దాల బీరువాకు తాళము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుకొని గ్రంథాలయోద్యమ చరిత్రమంతయు పెద్దలు ముచ్చటించిరి. నాకు మిగిలినది చిన్న విషయము: అద్దాల బీరువాకు వేయు తాళము. విషయము చిన్నదే గాని, తాళము తిరుగక వారము దినములు మూతపడిన బీరువాలోని పుస్తకము ఆ వారము మన ఊరిలో లేనట్లే గదా!

ఐరోపాలో పూర్వము పుస్తకములను గొలుసులతో అరలకు బంధించెడివారు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డు ప్రధాన చర్చియందు 1611 నాటి అట్టి అరలు గొలుసులతో సహా నేటికిని నిలిచియున్నవి. 1931లో రంగనాథన్‌గారు తమ పంచసూత్రములను ప్రకటించుచు, పుస్తకమున్నది వాడుకకే యను మొదటి సూత్రము క్రింద ఈ గొలుసుల కథను ప్రస్తావించిరి. కావున మరల దొరకని పాత సంచికలకు, దాతలిచ్చిన తాళపత్రములకు తాళము వేయుడు. నవలలకు, పిల్లల పుస్తకములకు వలదు. సిరిసిల్లలో మగ్గము పని ముగించుకొని రాత్రివేళ వచ్చు పాఠకునకు తాళపుచెవి కొరకు కాచుకొనియుండు తీరిక యెక్కడిది?

మరియొక మాట. అద్దమును పగులగొట్టదలచినవానిని ఏ తాళమును ఆపజాలదు. అందుచేత అద్దాల తలుపునకు బరువైన తాళముకప్ప వ్రేలాడదీయుట వృథా. అది ఊగి అద్దమునకే తగులును. సులభముగా తిరుగు తాళమే మేలైన తాళము.

కొనుటకు ముందు తలుపును పరిశీలింపవలెను. మన గ్రంథాలయములలోని పాత బీరువాలకు టేకు చట్రములో అద్దము బిగించిన రెండు రెక్కలుండును. చట్రపు వెడల్పును కొలిచి, అందులో ఇముడు తాళమునే తేవలెను. చట్రము అంగుళముకంటె పలుచనైనచో దానిని తొలిచి తాళమును లోపల దించరాదు, కొయ్య బలహీనపడును. లోపలివైపున మరమేకులతో బిగించు పెట్టె తాళము చాలును. ఎడమ రెక్కకు పైన, క్రింద గడియలు తప్పక ఉండవలెను. అవి లేనిచో తాళము వేసియున్నను రెండు రెక్కలును కలిసి ఊడివచ్చును. ఈ లోపమును పెక్కుచోట్ల చూచితిని. జనులు మాత్రము తాళమునే నిందింతురు.

అమర్చునపుడు బద్దలు విప్పి, అద్దమును తీసి దూరముగా పెట్టనిదే ఉలి పట్టరాదు. సుత్తి దెబ్బకు కొయ్య ఓర్చుకొనును, అద్దము ఓర్చుకొనదు. మేకులు కొట్టక, బరమాతో సన్నని రంధ్రము చేసి, మరమేకునకు సబ్బు రాచి బిగింపవలెను. తాళపు నాలుక ఎదుటి రెక్కలో ఎచ్చట దిగునో తెలియుటకు నాలుకకు కాటుక పూసి, తలుపు మూసి, చెవి త్రిప్పిన చాలును. నల్లని గుర్తు పడినచోటనే తొలువవలెను.

ఒకదానిపై నొకటి జారు అద్దములకు పళ్ల పట్టీ తాళము తగినది. పట్టీ కొక్కెమును లోపలి అద్దపు అంచునకు తగిలించి, తాళమును ముందరి అద్దపు అంచువరకు నెట్టిన చాలును, రంధ్రముతో పనిలేదు. కొక్కెమునకు రబ్బరు మెత్త ఉన్నదో లేదో చూచి కొనుడు. చట్రము లేని అద్దమునకు రంధ్రము చేయించవలసివచ్చినచో, అది వేడిచేసి గట్టిపరచిన అద్దము కాదని ముందే తెలిసికొనవలెను. అట్టిదానికి తరువాత బరమా పెట్టినచో ముక్కముక్కలగును.

ఇక చిక్కుల సంగతి. జగిత్యాలలో శ్రావణమాసపు ముసురు పట్టినదన్న చెవి తిరుగదు. అప్పుడు పటకారుతో బలవంతముగా త్రిప్పినచో చెవి విరిగి లోపలనే నిలిచిపోవును. రెక్కను కొంచెము పైకెత్తి త్రిప్పి చూడుడు. తిరిగినచో దోషము తాళముది కాదు, మడతబందుది. వదులైన మరమేకులను తీసి, రంధ్రములో జిగురుతో కొయ్యపుల్లలు దిగగొట్టి, ఆరిన పిదప మరల బిగించిన రెక్క పూర్వస్థానమునకు వచ్చును. కొయ్య ఉబ్బినదని వానాకాలమున చిత్రిక పట్టరాదు. వేసవిలో సందు పడును. తాళములో వంటనూనె పోయుట మన యింటింటి వైద్యము. అది దుమ్ముతో కలిసి జిడ్డుకట్టును. పెన్సిలు ములుకు గీకిన పొడిని చెవికి అద్ది రెండుమూడు మారులు త్రిప్పుట మేలు. జారు అద్దపు తాళము నిలువక జారుచున్నచో పళ్లు అరిగినవని యెరిగి మార్చవలెను.

తాళమున్నను బీరువాను వారమున కొకసారియైన తెరచి గాలి తగులనీయుడు. మూతపడిన అరలో చెమ్మ చేరిన, పురుగులకు మన అనుమతితో పనిలేదు. రెండవ చెవిని కార్యదర్శిగారియొద్ద కవరులో భద్రపరచుడు. మారుచెవి చేయించునపుడు అరిగిన చెవిని గాక, ఈ రెండవదానినే నమూనాగా ఇయ్యవలెను.

సభానంతరము ఆసక్తిగలవారు కొంచెమాగినచో, తూర్పుగోడనున్న బీరువా కుడిరెక్కను విప్పి చూపెదను. పనిముట్లు తెచ్చియున్నాను.