తర్రెం దారిలో నేరకథ



కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కు మద్రాసు నగరం ఉంది. నగరమంటే ఇంటి నంబరు, పక్కింటి సాక్షి, ఫోను చేస్తే వచ్చే ఇన్‌స్పెక్టరు. నా కొత్త నవలకు కథాస్థలం చూసుకుందామని బస్తర్‌లోని తర్రెం వెళ్ళినప్పుడు ఈ సరంజామా ఏదీ పనికిరాదని అర్థమైంది. అడవి గురించి నోటుపుస్తకం నింపుకుందామని బయల్దేరినవాణ్ణి, రోడ్డు గురించి రాసుకుని వచ్చాను.

తర్రెం ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉంది. బాసగూడ దగ్గర తాల్‌పేరు వాగు దాటితే సార్కెగూడ, ఆ పైన తర్రెం, సిలింగేర్, జేగురుగొండ. ఆ తాల్‌పేరే కిందికొచ్చి మన చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టులో నిండుతుంది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఈ దారి వెంట ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. చాలామంది సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఏటా మిరప కోతలకు మన చేలల్లోకి వచ్చే కూలీల్లో ఈ ప్రాంతం వాళ్ళూ ఉంటారు. కనుక తర్రెం మనకు దూరపు ఊరేమీ కాదు.

2012 జూన్ 28 రాత్రి సార్కెగూడలో కాల్పులు జరిగి 17 మంది చనిపోయారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులని పోలీసుల మాట. విత్తనాల పండగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని ఊరివాళ్ళ మాట. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ సాక్ష్యాలన్నీ తిరగేసి, చనిపోయినవాళ్ళు మావోయిస్టులనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ఆ నివేదిక బయటికొచ్చింది 2019లో. గాయాలు శరీరంలో ఎక్కడున్నాయి, జవాన్లకు తగిలిన తూటాలు ఎవరివి, ఒకతను మర్నాడు పొద్దున ఎలా చనిపోయాడు? కమిషన్ ముందుకొచ్చిన ప్రశ్నలివి. అపరాధ పరిశోధన అంటే నాకు తెలిసి ఇదే. కాకపోతే ఇక్కడ పరిశోధకుడి కంటే ఊరివాళ్ళకు నిజం ముందే తెలుసు. వాళ్ళ మాట కాగితం మీదికెక్కడానికి ఏడేళ్ళు పట్టింది. దోర్లాలోనో గోండీలోనో చెప్పిన మాటను ఎవరో హిందీలో చెప్పాలి, ఇంకెవరో రాసుకోవాలి. నా నవలకు ఉత్కంఠ ఆ మధ్య దూరంలోనే ఉందనిపించింది.

2021 ఏప్రిల్ 3న తర్రెం క్యాంపు నుంచి కూంబింగ్‌కు వెళ్ళిన బలగాల మీద టేకులగూడెం, జొన్నగూడ దగ్గర మావోయిస్టులు దాడి చేశారు. 22 మంది జవాన్లు చనిపోయారు. పట్టుబడ్డ సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళం జవాను రాకేశ్వర్‌సింగ్ మన్హాస్‌ను ఏప్రిల్ 8న జనం ఎదుట విడిచిపెట్టారు. ఆ మరుసటి నెలలోనే సిలింగేర్ క్యాంపు వద్దన్న గ్రామస్తుల మీద కాల్పులు జరిగాయి. ఈ చావుల్లో ఒకవైపువి మాత్రమే రాసే నవల నాకు అక్కర్లేదు.

జవానును విడిపించి తీసుకురావడానికి వెళ్ళినవాళ్ళలో ముకేశ్ చంద్రాకర్ అనే విలేఖరి ఉన్నాడు. అతనిది బాసగూడే. సల్వాజుడుం రోజుల్లో ఆ ఇల్లూ చెదిరింది. పెద్దయ్యాక బస్తర్ వార్తలు తన యూట్యూబ్ చానెల్‌లో తానే చెప్పేవాడు. ఒక రోడ్డు పనిలో అక్రమాల మీద వార్త వచ్చాక, 2025 జనవరి 1 నుంచి కనిపించలేదు. 3వ తేదీన బీజాపూర్‌లో, కాంక్రీటు పోసి మూసేసిన సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ప్రధాన నిందితుడని పోలీసులు చెప్పిన కాంట్రాక్టరు హైదరాబాద్‌లో పట్టుబడ్డాడు. రోడ్డు, కాంక్రీటు, కాంట్రాక్టు, మన నగరం అన్నీ ఒకే కేసులో ఉన్నాయి. ఇంతకంటే బిగువైన కథ నేను కల్పించలేను. కల్పించకూడదు కూడా. అతని చావును నా నవలకు ముడిసరుకు చేసుకోను.

యువ రచయితలకు ఒక మాట. అలాంటి చోటికి వెళ్తే ఎవరితో మాట్లాడారో, ఎవరింట్లో అన్నం తిన్నారో రాయకండి. మనం వచ్చేస్తాం, వాళ్ళు అక్కడే ఉంటారు. బయటివాడితో మాట్లాడినవాణ్ణి అక్కడ పోలీసులూ మావోయిస్టులూ ఇద్దరూ అనుమానిస్తారు. పేరు మారిస్తే చాలదు. గుడిసె ఏ చెట్టు పక్కనుందో చెబితే చాలు, ఊరంతా మనిషిని గుర్తుపడుతుంది. అందుకే నా నవలలో ఊరు కల్పితం, దారి మాత్రం నిజం. రాతప్రతి పూర్తయ్యాక ముందుగా దోర్లా మాట్లాడే నలుగురికి చదివి వినిపిస్తాను. వాళ్ళు తీసెయ్యమన్న పేజీలు తీసేశాకే అది ప్రచురణకర్త దగ్గరికి వెళ్తుంది.