ప్రశ్న ఎలా అడిగితే జవాబు అలా
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలొచ్చాయంటే చాలు, మన వీధుల్లోకి సర్వే పిల్లలొస్తారు. సోలాపూర్‌లో మరాఠీలో అడుగుతారు, సేలంలో తమిళంలో, బరంపురంలో ఒడియాలో. మనం తెలుగులో ఆలోచించుకుని వాళ్ల భాషలో జవాబు చెప్తాం. కొన్నాళ్లకు "ప్రజల మాట ఇదీ" అని టీవీలో అంకెలు వస్తాయి. ఆ అంకెల వెనక ప్రశ్న ఏంటని మాత్రం మనం అడగం. దాని గురించే ఈ నాలుగు మాటలు.

1940లో అమెరికాలో ఒక సర్వే జరిగింది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ఉపన్యాసాలను "అనుమతించాలా?" అని కొందరిని అడిగితే 62 శాతం మంది వద్దన్నారు. ఇంకొందరిని "నిషేధించాలా?" అని అడిగితే, నిషేధించాలన్నవాళ్లు 46 శాతమే! అనుమతించకపోవడమన్నా నిషేధించడమన్నా ఒకటే కదా? కానీ 'నిషేధం' అనే మాట కటువుగా తగిలింది, జనం వెనక్కి తగ్గారు.

మన సంగతే తీసుకోండి. "కష్టాల్లో ఉన్న నేతన్నకు ప్రభుత్వం ఆసరా ఇవ్వాలా?" అంటే ఎవరు కాదంటారు? అదే పథకాన్ని "జనం కట్టిన పన్నులతో ఇంకా సబ్సిడీలు ఇవ్వాలా?" అని అడగండి. పక్కింటివాడు కూడా ఆలోచనలో పడతాడు.

స్కాట్లాండ్‌లో 2014 రెఫరెండానికి ముందు, "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు ఒప్పుకుంటారా?" అని ప్రశ్న రాశారు. ఎన్నికల కమిషన్ దాన్ని జనం దగ్గర పరీక్షించి చూసింది. 'ఒప్పుకుంటారా' అనడమే అవును వైపు నెడుతోందని చెప్పి, "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?" అని మార్పించింది.

మేమూ ఆ తప్పే చేశాం. "మన పిల్లలు తెలుగు మర్చిపోకూడదని మీరు ఒప్పుకుంటారా?" అని ఇంటింటికీ ఫారం పంపాం. అందరూ అవునన్నారు. సంబరపడి సాయంత్రం క్లాసు పెడితే, బెంచీలు ఖాళీ! తర్వాత మళ్లీ వెళ్లి, "ఏ రోజు, ఏ వేళకు పంపగలరు? పంపలేకపోతే ఎందుకని?" అని అడిగాం. సాయంత్రం ట్యూషన్లున్నాయి, ఆదివారం పొద్దున అయితే పంపుతామన్నారు. తల్లిదండ్రులు మొదటిసారి అబద్ధమాడలేదు. మేమే వాళ్లకు ఇంకో జవాబు చెప్పే దారి ఉంచలేదు.

అందుకే ఇక మీదట ఎవరైనా సర్వేకి వస్తే, ప్రశ్న ఇంకోసారి చదవమనండి. అర్థం కాకపోతే మీకు తెలిసిన భాషలో చెప్పమనండి. తెలియని దానికి 'తెలియదు' అనడం నామోషీ కాదు. సర్వే చేయించేదెవరో కూడా అడగండి. టీవీలో అంకె చూసి, "అందరూ అటే ఉన్నారట" అని మన ఓటు మార్చుకోవద్దు.

బజారులో బట్ట కొనేవాడు అంచు చూసి మురిసిపోతాడు. మనం మాత్రం తిరగేసి చూస్తాం, నేత తెలిసినవాళ్లం కాబట్టి. అంకెల్ని కూడా అలాగే తిరగేసి చూద్దాం.