కొనేముందే అడగాల్సిన ప్రశ్న

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న ఇందూరు (నిజామాబాద్) బిడ్డలతో చెత్త గురించి మాట్లాడాలంటే బోధన్ నుంచే మొదలుపెట్టాలి. 1931లో నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయింది. మంజీర నీళ్లు కాల్వల్లో పారాయి, చెరుకు పెరిగింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. దాన్ని తెరిపించాలని సాగిన పోరాటాలు మీరు ఎరిగినవే. నేను చెప్పదలచుకున్నది చక్కెర మిల్లు లోపలి లెక్క.

ఏ మిల్లులోనైనా 100 టన్నుల చెరుకు ఆడితే వచ్చే చక్కెర సుమారు 10 టన్నులే. పిప్పి దాదాపు 30 టన్నులు, మొలాసిస్ (చక్కెర మడ్డి) 4 నుంచి 5, ప్రెస్‌మడ్ (రసం వడకట్టగా మిగిలే మట్టి) 3 నుంచి 4. మిగతాదంతా చాలావరకు నీరే. పిప్పి బాయిలర్‌లో మండి ఆవిరి పుట్టిస్తుంది, ఆ ఆవిరే మిల్లును తిప్పుతుంది. మొలాసిస్ డిస్టిలరీకి పోతుంది. ప్రెస్‌మడ్ ఎరువుగా మళ్లీ చేనుకు చేరుతుంది. చెరుకు బండి గేటు దాటకముందే ఏది ఎటు పోవాలో తేలిపోయి ఉంటుంది.

అంత చక్కటి ఏర్పాటుకూ ఒక హద్దు ఉంది. మొలాసిస్ నుంచి లీటరు ఆల్కహాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల స్పెంట్‌వాష్ మిగులుతుంది. శుద్ధి చేయకుండా వదిలితే ఆ మురుగు వాగులో చేపను బతకనివ్వదు. తిరిగి వాడుకున్నా ఏదో ఒకటి మిగులుతూనే ఉంటుంది. కాబట్టి చెత్తను పుట్టించకపోవడం మొదటి పని, పుట్టినదాన్ని వేరు చేయడం రెండో పని.

వేరు చేయడం మనకు కొత్త కాదు. పల్లెల్లో ఇంటిముందో వెనకో పెంటకుప్ప ఉండేది. పేడ, బూడిద, కూరగాయల తొక్కలు అందులో పడేవి. వానాకాలానికి ముందు బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లు. ఇప్పుడు అదే కుప్పలో షాంపూ ప్యాకెట్లు, కవర్లు చేరాయి. పెంట విడిగా ఉంటే ఎరువు, ప్లాస్టిక్ విడిగా ఉంటే పాతసామాన్ల దుకాణం కొనే సరుకు. కలిపేసి రెంటినీ పాడుచేసుకున్నాం. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి, హానికర చెత్తను ఇంట్లోనే వేరు చేయమన్నది ఇందుకే. గల్లీలోకి వచ్చిన ఆటోలో అన్నీ కలిపి పోశాక నాగారం డంపింగ్ యార్డులో విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఇక అన్నం సంగతి. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కగట్టింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. హోటళ్లు, దుకాణాలు రెండూ కలిపినా అంత లేదు. కిలో బియ్యం పండడానికి వేల లీటర్ల నీళ్లు పడతాయి. మనం అన్నం పారబోస్తే నిజాంసాగర్ నీళ్లు పారబోసినట్టే. మర్నాడు తినేవాళ్లెందరో ముందు రోజు రాత్రే అడిగి వండితే హాస్టల్ మెస్‌లో ఎంత మిగులుతుందో మీరే చూడండి.

ఒకటి మానేసి ఇంకోటి పట్టుకోవడం చెత్తను తగ్గించడం కాదు. 2022 జూలై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లను నిషేధించాక కాగితం కప్పులు మరింత పెరిగాయి. వాటి లోపలా పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆఫీసులో ఎవరి గ్లాసు వాళ్లది పెట్టుకుంటే ఆ కప్పు కొనే అవసరమే రాదు.

మీలో కొందరు టీచర్లవుతారు, కొందరు అకౌంటెంట్లు, కొందరు అధికారులు. ఇన్నాళ్లూ ఇతరులు కొన్నది వాడారు. ఇకనుంచి కొనుగోలు కాగితాల మీద మీరే సంతకం పెడతారు: బడికి ప్లేట్లు, ఆఫీసుకు ప్రింటర్ కాగితం, ఇంటి దావత్‌కు నీళ్ల సీసాలు. సంతకం పెట్టేముందు అడగండి: వాడాక ఇది ఎటు పోతుంది? జవాబు దొరక్కపోతే సంతకం ఆపండి. ఆ అధికారం ఇవాళ్టి పట్టాతోనే మీకు మొదలవుతోంది. దాన్ని వాడండి.